అమ్మ వేలిముద్రతో ఎవరో డబ్బు తీసుకున్నారు: మే నుంచి జూలై దాకా మా అనుభవం

2025 మే 7న అమ్మ ఖాతాలో వడ్ల డబ్బు పడింది. హాలియా దగ్గరి మా ఊరి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా అయిన నూరు బస్తాలు, అంటే నలభై క్వింటాళ్లకు, ఏ గ్రేడు మద్దతు ధర 2,320 రూపాయల లెక్కన 92,800 జమ అయ్యాయి. అది పడిన రెండో రోజు నుంచే పోవడం మొదలైంది. 9వ తేదీ శుక్రవారం సాయంత్రం 10,000, శనివారం 10,000, ఆదివారం మధ్యాహ్నం మరో 10,000. ఆ శనివారం నెలలో రెండోది కావడంతో బ్యాంకుకు సెలవు. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టినవాడికి సోమవారం ఉదయం దాకా అడ్డు ఉండదని తెలిసే మొదలుపెట్టాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అమ్మకు స్మార్ట్ ఫోను లేదు, ఫోన్‌పే లేదు, గూగుల్ పే లేదు. ఉన్నది బటన్ల ఫోను. అందులో వచ్చే సందేశాలు చదవడం ఆమెకు రాదు. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. డబ్బు పోయింది ఆధార్ ఆధారిత చెల్లింపు పద్ధతిలో, అందరూ ఏఈపీఎస్ అనేదానిలో. ఖాతాదారు ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఈ మూడూ ఉంటే దేశంలో ఎక్కడి బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫు ఏజెంటు) యంత్రం మీదనైనా ఒక్కసారికి 10,000 దాకా తీసుకోవచ్చు. ఓటీపీ అవసరం లేదు. పల్లెల్లో ముసలివాళ్లకు మేలు చేయాలని పెట్టిన పద్ధతే ఇది. మా ఊళ్లో ఉపాధి కూలి డబ్బు ఇలాగే తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు, సాయంత్రం అమ్మ ఫోనులో చార్జింగు చూస్తూ సందేశాల పెట్టె తెరిచాను. మూడు సందేశాల్లోనూ ఏఈపీఎస్ అనే అక్షరాలు కనిపించాయి. మూడోది అదే రోజు మధ్యాహ్నం వచ్చింది. ఆ సమయానికి అమ్మ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది. "డబ్బులు తీసినవా అమ్మా?" అని అడిగితే, "నేనేడ వేలు పెట్టలే బిడ్డా, వడ్ల పైసలు పడ్డయా?" అని తిరిగి నన్నే అడిగింది. పైసలు పడ్డ సంగతే ఆమెకు తెలియదు.

వెంటనే 1930కి ఫోను చేశాను. తెలంగాణలో ఈ నంబరుకు చేసే ఫోన్లను తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో సిబ్బంది ఎత్తుతారు. ఆదివారమైనా ఎత్తారు, తెలుగులోనే మాట్లాడారు. ఖాతా నంబరు, మూడు లావాదేవీల తేదీలు, సమయాలు, వాటి పన్నెండు అంకెల రిఫరెన్సు నంబర్లు అడిగారు. ఫోను చేసే ముందే ఇవన్నీ కాగితం మీద రాసుకొని ఉండడం ఎంత అవసరమో అక్కడే తెలిసింది. సందేశాలున్న ఫోనూ, మాట్లాడే ఫోనూ వేరు కావడం మా అదృష్టం. అవతలి ఆమె ఓపికగా నమోదు చేసుకుని, ఒక మాట దాచకుండా చెప్పింది: డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్లి ఉంటే దారిలో ఆపగలుగుతాం, ఇది నగదుగా చేతికి వెళ్లిపోయింది కాబట్టి ఆపడానికి అవతల ఖాతా ఏమీ లేదు, మిగిలిన డబ్బును ముందు కాపాడుకోండి. ఆ మాటతో కాళ్లలో సత్తువ పోయింది. అయినా ఆ ఫోను వృథా కాలేదు. నిమిషాల్లో సందేశంగా వచ్చిన ఫిర్యాదు నంబరును ఆ తరువాత బ్యాంకు అడిగింది, పోలీసులు అడిగారు, రిజర్వు బ్యాంకు ఫారంలోనూ నింపవలసి వచ్చింది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు 24 గంటల్లో నింపాలన్నారు. ఆ రాత్రే నింపాను.

తరువాత బ్యాంకు కస్టమర్ కేర్‌కు చేశాను. అక్కడి అబ్బాయి చేసిన మొదటి పని ఏటీఎం కార్డును ఆపేస్తానని చెప్పడం. కార్డు ఆపితే వేలిముద్రతో తీసేది ఆగదు. రెండూ వేర్వేరు దారులు. ఈ సంగతి తెలియక చాలామంది కార్డు బ్లాకు చేయించి నిశ్చింతగా పడుకుంటారేమో. మొత్తం ఖాతా నుంచే బయటికి డబ్బు వెళ్లకుండా ఆపమని గట్టిగా అడిగితే, పైఅధికారికి కలిపి, చివరికి ఆపారు. ఫిర్యాదు నంబరు ఇవ్వమని అడిగి రాసుకున్నాను.

సోమవారం, మే 12న, అమ్మను తీసుకుని బ్యాంకు తెరిచే వేళకే వెళ్లాను. బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. అధికారి మొదటి ప్రశ్న: "ఓటీపీ ఎవరికి చెప్పారు?" పాసుపుస్తకంలో అచ్చయిన ఏఈపీఎస్ అన్న అక్షరాలు చూపించాను. రెండో మాట: "అయితే అమ్మగారే ఎక్కడో వేలు పెట్టి మరిచిపోయి ఉంటారు." మూడో మాటే అన్నిటికంటే నొప్పించింది. "ఇంట్లోవాళ్లే తీసుకుని ఉంటారు మేడం, మేం రోజూ చూస్తుంటాం." తమ్ముడు హైదరాబాద్‌లో కారు నడుపుతాడు. ఆ మాట బ్యాంకు వరుసలో నిలబడ్డ మా ఊరివాళ్ల చెవిన పడి, మేం ఇల్లు చేరేలోగా "కొడుకే తీసిండట" అయింది. ముప్పై వేలు పోయినందుకు అమ్మ ఏడవలేదు. ఆ రాత్రి తమ్ముడు ఫోను చేసి, "నన్నంటున్నరటగదనే అమ్మా" అని అడిగినప్పుడు ఏడ్చింది.

ఆ ఉదయం నోటితో వాదించడం మానేసి కాగితం తీసి రాయడం నేను చేసిన మంచి పని అనుకుంటాను. మూడు లావాదేవీల తేదీలు, సమయాలు, రిఫరెన్సు నంబర్లు, 1930 ఫిర్యాదు నంబరు, ముందురోజు రాత్రి కస్టమర్ కేర్ ఇచ్చిన నంబరు రాసి, కింద నాలుగు విషయాలు అడిగాను: ఖాతాకు ఏఈపీఎస్ సౌకర్యం తీసివేయాలి, ఆ మూడు యంత్రాలు ఎక్కడివో రాతపూర్వకంగా తెలపాలి, రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వు ప్రకారం పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, తొంభై రోజుల్లో తేల్చాలి. ఆ ఉత్తర్వు నకలు ముందురోజు రాత్రే ఫోనులో దింపుకున్నాను. ఖాతాదారు తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సందేశం అందిన తరువాత మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు మీద భారం ఉండదని అందులో ఉంది. తప్పు ఖాతాదారుదని నిరూపించవలసిన బాధ్యత బ్యాంకుదేనని కూడా ఉంది. శని, ఆదివారాలు సెలవు కాబట్టి మాకు సోమవారమే మొదటి పనిదినం. దొంగకు కలిసివచ్చిన సెలవులు ఈ ఒక్క లెక్కలో మాకూ కలిసివచ్చాయి.

దరఖాస్తు మీద అమ్మ వేలిముద్ర కావాలన్నారు. ఇంకుప్యాడు ముందు పెట్టగానే ఆమె చెయ్యి వెనక్కు తీసుకుని నా ముఖం చూసింది. ఏం చెప్పాలో నాకూ తోచలేదు. సంతకం రాని ఖాతాదారుకు వేరే మార్గం లేదు. వేయించాను. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర కొట్టి ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు, "మెయిల్ పెట్టండి చాలు" అన్నారు. మెయిలూ పెడతాను, ముద్రా కావాలి అని కూర్చున్నాను. మధ్యాహ్న భోజనం వేళకు ముద్ర పడింది. మెయిల్‌ను శాఖకే కాక, బ్యాంకు వెబ్‌సైటులో ఉన్న, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి చిరునామాకు కూడా పంపాను.

అక్కడినుంచి పోలీసు స్టేషనుకు. పిటిషను తీసుకుని రసీదు ఇచ్చారు, ఎఫ్ఐఆర్ మాత్రం మే 20న అయింది. అందులో ఐటీ చట్టం 66సి, 66డి, భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్లు ఉన్నాయి. ఒకరి విశిష్ట గుర్తింపును మోసపూరితంగా వాడుకోవడం గురించి చెప్పేది 66సి. వేలిముద్ర దొంగతనానికి సరిగ్గా అతికే సెక్షను అదే, మీ కాగితంలో అది లేకపోతే అడగండి. స్టేషనులో ఒక హెడ్ కానిస్టేబుల్ చాలాసేపు మాట్లాడారు. భూమి రిజిస్ట్రేషను పత్రాల మీద ఉండే వేలిముద్రలను స్కాను చేసి, సిలికాన్ వంటి పదార్థంతో అచ్చులు పోసి డబ్బు తీసిన ముఠాలు ఇంతకుముందు పట్టుబడ్డాయని ఆయనే చెప్పారు. నాన్న పోయిన తరువాత రెండెకరాల పొలం అమ్మ పేరు మీదికి మారినప్పుడూ, ఇంటి జాగా కాగితాలప్పుడూ ఆమె వేళ్లు చాలా చోట్ల పడ్డాయి. ఎక్కడినుంచి పోయిందన్నది ఎవరూ తేల్చలేదు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలును మార్చుకోలేం. ఉన్నదల్లా తాళం వేసుకోవడమే.

ఆ తాళం వేయడం దగ్గరే మాకు అనుకోని అడ్డంకి ఎదురైంది. ఆధార్ వెబ్‌సైటులో బయోమెట్రిక్ లాక్ చేయాలంటే ఆధార్‌కు ముడిపడిన ఫోనుకు ఓటీపీ రావాలి. అమ్మ ఆధార్‌కు ఉన్నది నాన్న బతికున్నప్పటి పాత నంబరు. రీచార్జి లేక ఎన్నడో పోయింది. అటువంటి నంబర్లను కంపెనీలు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి కాబట్టి, అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందోనన్న భయం కొత్తగా పట్టుకుంది. బ్యాంకుకు ఉన్న నంబరు, ఆధార్‌కు ఉన్న నంబరు వేర్వేరు కావచ్చునన్నది అంతవరకు నా ఆలోచనలోనే లేదు.

మే 13న అమ్మను నల్లగొండ తీసుకొచ్చి ఆధార్ కేంద్రంలో టోకెను తీసుకున్నాం. మహాలక్ష్మి పథకం వల్ల మా ఇద్దరికీ బస్సు ఖర్చు లేదు. కేంద్రంలో అప్పటి రుసుము 50 రూపాయలు. ఫోను నంబరు మార్చడానికి ఏ పత్రమూ అక్కరలేదు, మనిషి వస్తే చాలు, కాని ఆ మనిషి ఆమేనని యంత్రం ఒప్పుకోవాలి. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన అమ్మ వేళ్లను యంత్రం ఒప్పుకోలేదు. తుడిచి పెట్టినా, తడిపి పెట్టినా, వేలు మార్చినా ఒప్పుకోలేదు. చివరికి కనుపాపతో అయింది. సొంత వేలు ఆమెను ఆమె కాదంటుంటే, ఆమె వేలి నకలు ఎక్కడో పదివేలు పదివేలుగా తీసుకుంటోంది. అక్కడ నాకు నవ్వూ వచ్చింది, మండిపాటూ వచ్చింది.

నంబరు మారడానికి నాలుగు రోజులు పట్టింది. ముప్పై రోజుల దాకా పట్టవచ్చని రసీదులో ఉన్నందున ఇది తొందరగా అయినట్టే. ఈ మధ్యలో, 16వ తేదీన, ఏఈపీఎస్ సౌకర్యం తీసేశామని బ్యాంకు చెప్పింది. ఆ తరువాతే ఖాతా మీద ఆపుదల ఎత్తివేయించాను. ఆ క్రమం ముఖ్యం. ముందు ఆపుదల ఎత్తి, తరువాత సౌకర్యం తీస్తే మధ్యలో ఒక రాత్రి చాలు.

17వ తేదీ రాత్రి అమ్మ ఫోనుకు ఓటీపీ వచ్చింది. మొదట బయోమెట్రిక్ లాక్ చేశాను; అది వేలిముద్రతో పాటు కనుపాపకూ, ముఖానికీ పడుతుంది. తరువాత అదే వెబ్‌సైటులో ఆధార్ వాడకం చరిత్ర తెరిచాను. గత ఆరు నెలల్లో ఆ ఆధార్‌తో జరిగిన ప్రతి ధ్రువీకరణా, తేదీ, సమయం, వేలిముద్రా ఓటీపీనా, కుదిరిందా కుదరలేదా అన్న వివరాలతో అక్కడ వరుసగా ఉంటుంది. ఈ వ్యవహారం మొత్తంలో మాకు అన్నిటికంటే పనికొచ్చిన కాగితం అదే.

మొదట నా కళ్లు డబ్బు పోయిన రోజుల మీద పడ్డాయి. మే 9 ఉదయం తొమ్మిదిన్నర దాటాక రేషను దుకాణంలో అమ్మ వేలు పెట్టిన వరుసలున్నాయి: కుదరలేదు, కుదరలేదు, కుదిరింది. కుదరని వాటి పక్కన 300 అనే సంఖ్య ఉంది. వేలిముద్ర సరిపోలలేదని దాని అర్థం. అదే రోజు సాయంత్రం ఏడు కావస్తుండగా ఇంకో వరుస: ఒక్కసారికే కుదిరింది. తరువాత పైకి జరుపుతూ పోతే ఏప్రిల్ 28, మే 4, మే 8 తేదీల్లోనూ మేం ఎరుగని వేలిముద్ర ధ్రువీకరణలు కనిపించాయి. ఆ రోజుల్లో డబ్బేమీ పోలేదు. కొంతసేపటికి అర్థమైంది. ఏఈపీఎస్‌లో డబ్బు తీయడమే కాదు, వేలు పెట్టి ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడమూ ఉంది. దానికి మా బ్యాంకు నుంచి ఏ సందేశమూ రాలేదు. వాళ్లు అప్పుడప్పుడు వచ్చి తొంగి చూస్తూ, వడ్ల డబ్బు పడేదాకా ఆగారు. ఏప్రిల్ 28నే ఆ చరిత్ర ఎవరైనా తెరిచి ఉంటే ఒక్క రూపాయి పోయేది కాదు.

ఊరి రేషను డీలరును మే 9 నాటి ఈ-పాస్ యంత్రం రసీదు అడిగాను. "ఎందుకమ్మా, బియ్యం తక్కువొచ్చినయా?" అని మొదట కంగారుపడ్డాడు, సంగతి చెప్పాక తనే వెతికి ఇచ్చాడు. దుకాణం సంఖ్య, తేదీ, సమయం అందులో ఉన్నాయి.

పది పనిదినాల గడువు మే 23తో అయిపోయింది. ఏమీ జమ కాలేదు. శాఖకు వెళితే పైఆఫీసుకు పంపామన్నారు, పైఆఫీసుకు ఫోను చేస్తే శాఖను అడగమన్నారు. అప్పటికి వేసవి సెలవులు అయిపోవచ్చాయి, నాకు అడ్మిషన్ల పని మొదలైంది. సగం రోజు సెలవు పెట్టి వెళ్లడం, వెళ్లి కూర్చోవడం, రావడం. ఈ దశలో చాలామంది వదిలేస్తారని నాకు గట్టిగా అనిపించింది. అమ్మ కూడా, "పోతే పోయినయ్ బిడ్డా, నీ నౌకరి పోగొట్టుకోకు" అంది. తమ్ముడి మీద పడ్డ మాట లేకపోతే బహుశా నేనూ వదిలేసేదాన్ని.

జూన్ 4న బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఖాతాదారు వేలిముద్రతో విజయవంతంగా ధ్రువీకరణ జరిగిన లావాదేవీలు కాబట్టి బ్యాంకుకు బాధ్యత లేదని, ఫిర్యాదు ముగించామని దాని సారాంశం. మొదటిసారి చదివినప్పుడు చేతులు వణికాయి. రెండోసారి చదివినప్పుడు కింది పేరా కనిపించింది. నేను మే 12న అడిగిన ప్రశ్నకు జవాబుగా, మూడు లావాదేవీలూ బీహార్‌లోని ఒక జిల్లాలో ఉన్న ఏజెంటు యంత్రం మీద జరిగాయని రాశారు. అంటే, ఉదయం మా ఊరి రేషను దుకాణంలో వేలు కుదరక అవస్థపడిన మనిషి అదే సాయంత్రం బీహార్‌లో వేలు పెట్టి డబ్బు తీసుకుందని, మూడు రోజులు అక్కడే ఉందని బ్యాంకు తన ఉత్తరంలోనే రాసిచ్చింది. మమ్మల్ని కాదన్న కాగితమే మాకు సాక్ష్యమైంది.

బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మనకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. కాదని రాసిచ్చారు కాబట్టి ముప్పై రోజులు ఆగవలసిన పని లేకపోయింది. జూన్ 8 ఆదివారం రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటులో దాఖలు చేశాను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంప్యూటరు రానివాళ్లు తెలుగులోనే రాసి చండీగఢ్‌లోని వారి కేంద్రానికి తపాలాలో పంపే వీలు కూడా ఉంది. బ్యాంకుకు మొదట ఫిర్యాదు చేసిన తేదీ, దానికి రుజువు అక్కడ తప్పనిసరిగా అడుగుతారు. మే 12 నాటి ముద్ర కోసం పడ్డ పట్టుదలకు ఫలితం అప్పుడు కనిపించింది. ముద్ర పడ్డ దరఖాస్తు, పాసుపుస్తకం పేజీ, బ్యాంకు ఉత్తరం, ఆధార్ చరిత్ర, రేషను రసీదు, ఎఫ్ఐఆర్ అన్నీ జతచేశాను. ఫిర్యాదు వివరణను నాలుగు వాక్యాల్లో ముగించాను. అందులో తమ్ముడి సంగతి రాయాలనిపించి, రాసి, కొట్టేశాను.

ఎదురుచూస్తున్న రోజుల్లో ఆధార్ తాళం మమ్మల్నే ఇబ్బందిపెట్టింది. జూన్‌లో మూడు నెలల సన్నబియ్యం ఒకేసారి ఇచ్చారు. దుకాణం దగ్గర పొడుగాటి వరుస. అమ్మ వంతు వచ్చాక యంత్రం 330 అని చూపింది. బయోమెట్రిక్ లాక్ అయి ఉందని దాని అర్థం. డీలరు నాకు ఫోను చేశాడు. నేను నల్లగొండలో కాలేజీ వరండాలో నిలబడి తాత్కాలికంగా తాళం తీయాలి, దానికి ఓటీపీ అమ్మ ఫోనుకు వస్తుంది, అమ్మకు చదవడం రాదు. వరుసలో ఉన్న ఒక పిల్లవాడు ఓటీపీని బిగ్గరగా చదివి నాకు చెప్పాడు. ఎవరికీ ఓటీపీ చెప్పవద్దని లోకమంతా చెబుతుంటే, మేం ఊరందరి ముందూ చదివించుకున్నాం. తాళం తెరుచుకునేది పది నిమిషాలే. అమ్మ వేళ్లు యంత్రానికి కుదిరేలోగా ఆ పది నిమిషాలూ అయిపోయి, మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. పోస్టాఫీసులో 2,016 రూపాయల పింఛను తీసుకునే రోజునా ఇదే తంతు. ఇప్పుడు నెలలో రేషనుకు ఒక రోజు, పింఛనుకు ఒక రోజు అనుకుని, ఆ వేళకు నేనో తమ్ముడో ఊళ్లో ఉండేలా చూసుకుంటున్నాం. కష్టమే, అయినా తాళం తీసెయ్యలేదు.

జూన్ చివర్లో ఇంకొకటి జరిగింది. సైబర్ క్రైమ్ విభాగం నుంచి అంటూ ఒకతను ఫోను చేశాడు. ముప్పై వేలు పోయాయని తెలుసు, అమ్మ పేరు తెలుసు. రీఫండు మంజూరైంది, ఒక ఫైలు వాట్సాప్‌లో పంపుతాను, ఫోనులో ఎక్కించుకుని ఖాతా వివరాలు నింపండి అన్నాడు. ఫిర్యాదు నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పమన్నాను. "అది మీరే చెప్పాలి మేడం, వెరిఫికేషన్ కోసం" అన్నాడు. ఫోను పెట్టేశాను. వచ్చిన ఫైలు ఏపీకే, అంటే ఫోనులో కొత్త యాప్‌ను ఎక్కించేది. ఆ నంబరు మీద కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో, మోసపు ఫోన్ల ఫిర్యాదుల కోసం ఉన్న చక్షు విభాగంలో ఫిర్యాదు చేశాను. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ల దగ్గరికి రెండోసారి వస్తారని విన్నాను కాని, డబ్బు కోసం ఆరు వారాలుగా ఎదురుచూస్తున్నప్పుడు ఆ "మంజూరైంది" అన్న మాటకు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో విన్నవాళ్లకు తెలియదు.

జూలై రెండో వారంలో బ్యాంకు పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మే నెలలో వినని మర్యాద ఆ గొంతులో వినిపించింది. జూలై 21 సోమవారం 30,000 అమ్మ ఖాతాలో జమ అయ్యాయి. మే 12 నుంచి లెక్కపెడితే తొంభై రోజుల లోపే. 2017 ఉత్తర్వు ప్రకారం డబ్బు పోయిన తేదీ నుంచే ఖాతాలో ఉన్నట్టు లెక్కకట్టాలి కాబట్టి, ఈ మధ్యకాలం వడ్డీ ఏదని ఒక మెయిలు పెట్టాను. వంద పైచిలుకు రూపాయలు వారం తరువాత పడ్డాయి. ఆ మెయిలు పెట్టినందుకు తమ్ముడు నన్ను ఆటపట్టించాడు. తిరుగుళ్లకూ, పోగొట్టుకున్న జీతానికీ పరిహారం కూడా ఫిర్యాదులో అడిగాను, అది రాలేదు. జిరాక్సులు, ప్రింట్లు, ఆటోలు కలిపి ఖర్చు వెయ్యి దాటలేదు. కోతపడ్డ జీతం దానికంటే ఎక్కువ.

డబ్బు జమ చేసిన తరువాత బ్యాంకు ఒక కాగితం మీద అమ్మ వేలిముద్ర అడిగింది. చదివి చూస్తే, ఈ విషయంలో ఇక ఏ ఫిర్యాదూ లేదని, పోలీసు కేసు కూడా ఉపసంహరించుకుంటామని ఉంది. మొదటి వాక్యానికి ఒప్పుకుని, రెండోది కొట్టివేయించి వేలు వేయించాం. కేసు దొంగ మీద పెట్టినది, బ్యాంకు మీద కాదు. అధికారి ఏమీ అనకుండా కొట్టివేసి పక్కన పొట్టి సంతకం చేశాడు.

ఆ రోజే అమ్మకు వేరే బ్యాంకులో ఉన్న పాత జన్‌ధన్ ఖాతాను మూసివేయించాం. ఎన్నో ఏళ్లుగా వాడని ఆ ఖాతాకూ ఆధార్ ముడిపడి ఉంది. ఎవరైనా ఆ బ్యాంకు పేరు ఎంచుకుని వేలు పెడితే అదీ తెరుచుకునేదే. వానాకాలం రైతు భరోసా ఎకరాకు 6,000 చొప్పున జూన్‌లోనే పడింది, దాన్ని ఎవరూ ముట్టలేదు. కేసు ఇంకా నడుస్తోంది. స్టేషను నుంచి ఒకసారి పిలిచి, డబ్బు తిరిగి వచ్చిందా అని అడిగి, జమ చూపే స్టేట్‌మెంటు నకలు తీసుకున్నారు. నెల మొదటి ఆదివారం ఆధార్ చరిత్ర తెరిచి చూడడం నాకు అలవాటైంది. అందులో ఇప్పుడు రేషను, పింఛను తప్ప వేరే వరుసలు లేవు.